పట్టా మీది ముద్ర: విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం – చరిత్ర, కర్తవ్యం

ఈసారి మీరు ఏ వైద్యుని వద్దకైనా వెళ్లినప్పుడు, ఆయన కుర్చీ వెనుక గోడకు తగిలించిన పట్టాను ఒకసారి చదవండి. వైద్యుని వయస్సును బట్టి దాని మీద ఉండే విశ్వవిద్యాలయం పేరు మారుతూ ఉంటుంది. నా తరం వారి పట్టాల మీద ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పేర్లు కనిపిస్తాయి. మా తరువాతి తరం వారి పట్టాల మీద ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం అని ఉంటుంది. ఆ పిమ్మట వచ్చిన వారికి అదే పేరుకు ముందు ఎన్.టి.ఆర్. అని చేరింది. తెలంగాణలో ఇటీవల చదివినవారికి కాళోజీ నారాయణరావు పేరు ఉంటుంది. ఇన్ని పేర్లు మారినా, ఆ కాగితం రోగికి చెప్పవలసిన మాట ఒక్కటే: "ఈ వ్యక్తిని మేము పరీక్షించాము. ఇతని చేతిలో మీ ప్రాణం పెట్టవచ్చును."

ఈ మాట చెప్పే అధికారం ఎవరిది? ఆ మాటకు విలువ ఎక్కడినుండి వచ్చింది? ఈ ప్రశ్నలకు సమాధానం మా పటమటకు కూతవేటు దూరంలోనే ఉన్నది. బెంజి సర్కిల్ నుండి రామవరప్పాడు వైపు జాతీయ రహదారి మీద వెళ్లేవారు ఆ భవనాలను రోజూ చూస్తూనే ఉంటారు. అది ఆసుపత్రి కాదు గనుక సామాన్యులకు దానితో పని పడదు. అయినప్పటికీ ఆంధ్రదేశంలో వైద్యం చేయించుకున్న ప్రతి కుటుంబానికీ దానితో పరోక్షంగా సంబంధం ఉన్నది. అందుచేత ఆ సంస్థ చరిత్రను, అది చేసే పనిని ఈ వ్యాసంలో మీ ముందు ఉంచుతున్నాను.

మద్రాసు నుండి బెజవాడ దాకా

ఇరవయ్యవ శతాబ్దం తొలి రోజులలో తెలుగు యువకుడు పూర్తిస్థాయి వైద్య పట్టా పొందాలంటే మద్రాసు వెళ్లవలసి వచ్చేది. నిజాం రాజ్యంలో 1846 నుండి హైదరాబాదు మెడికల్ స్కూలు ఉండేది. కోస్తా ప్రాంతంలో 1902లో విశాఖపట్నంలో మెడికల్ స్కూలు ప్రారంభమై, 1923లో కళాశాల స్థాయికి ఎదిగింది. అదే నేటి ఆంధ్ర వైద్య కళాశాల. తొలుత దాని పరీక్షలు మద్రాసు విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోనే జరిగేవి.

ఇక్కడ మన ఊరివారు మరచిపోయిన సంగతి ఒకటి చెప్పాలి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కేంద్రం విశాఖ కాదు, బెజవాడ. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా ఇక్కడినుండే దాని పని మొదలైంది. 1930లో కేంద్రం వాల్తేరుకు తరలిపోయింది. అప్పుడు చేజారిన విశ్వవిద్యాలయ కేంద్రం అనే గౌరవం తిరిగి ఈ నగరానికి దక్కడానికి ఏబది ఆరు సంవత్సరాలు పట్టింది. దక్కినప్పుడు అది వైద్య విశ్వవిద్యాలయం రూపంలో దక్కింది.

ఆ రోజులలో వైద్యులలో రెండు తరగతులు ఉండేవి. మెడికల్ స్కూలులో చదివినవారికి ఎల్.ఎం.పి. అనే లైసెన్సు, కళాశాలలో చదివినవారికి ఎం.బి.బి.ఎస్. పట్టా. పల్లెలలో, తాలూకా కేంద్రాలలో ఎక్కువగా ఎల్.ఎం.పి. డాక్టర్లే సేవ చేశారు. వారిలో గొప్ప చేతివాటం కలవారు ఎందరో ఉండేవారు. కాని దేశం మొత్తానికి రెండు రకాల వైద్యులు, రెండు రకాల కొలబద్దలు ఉండటం న్యాయమేనా అన్న ప్రశ్న పుట్టింది. 1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన జోసెఫ్ భోర్ కమిటీ దీనికి స్పష్టమైన జవాబు చెప్పింది. లైసెన్సు చదువులు ముగించి, దేశమంతటా ఒకే స్థాయి గల మౌలిక వైద్యుని తయారు చేయాలన్నది. పల్లెవాని ప్రాణానికి ఒక తూకం, పట్నవాసి ప్రాణానికి మరొక తూకం ఉండరాదన్నదే దాని సారాంశం. నేను చెప్పబోయే విశ్వవిద్యాలయం కథకు మూలం ఈ ఆలోచనలోనే ఉన్నది.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారికి జరిగినది

పరీక్ష ఎవరు పెట్టాలి, మార్కులు ఎవరు వేయాలి అన్నవి కార్యాలయపు చిల్లర విషయాలుగా మనకు కనిపించవచ్చు. అవి ఎంత పెద్ద విషయాలో తెలుసుకోవడానికి భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం చూస్తే చాలు. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించేవారు. అది శస్త్రచికిత్స శాఖలోని ఆంగ్లేయ ఆచార్యునికి గిట్టలేదు. రాతపరీక్షలలో బాగా రాసినప్పటికీ సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు.

అదే సుబ్బారావుగారు 1923లో అమెరికా చేరి, కండరాలలో శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్ పరిశోధనలో పాలుపంచుకొన్నారు. ఫోలిక్ ఆమ్లం తయారీకి, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్‌కు, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదైన ఆరియోమైసిన్‌కు ఆయన నాయకత్వంలోని బృందాలు కారణమైనవి. బోదకాలు నివారణకు మన డెల్టా పల్లెలలో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్రలు కూడా ఆ కృషి ఫలితమే. అంతటివానిని ఎం.బి.బి.ఎస్.కు తగినవాడు కాదని ఒక పరీక్షకుని అయిష్టం తేల్చివేసింది.

ఇందులోని గుణపాఠం ఒక్క విద్యార్థికి జరిగిన అన్యాయంతో ముగియదు. అయిష్టంతో యోగ్యుని ఆపగల పరీక్షకుడు, ఇష్టంతో అయోగ్యుని దాటించనూ గలడు. మొదటిదానివల్ల విద్యార్థి నష్టపోతాడు. రెండవదానివల్ల రోగి నష్టపోతాడు. కాబట్టి చదువు చెప్పినవాని చేతిలోనే తీర్పు అంతా ఉండరాదు. వెలుపలివాని కన్ను ఒకటి తప్పక ఉండాలి. వైద్యవిద్యలో విశ్వవిద్యాలయం అవసరం ఇక్కడే కలుగుతుంది.

ఒకే రాష్ట్రం, ఐదు కొలతలు

స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, గుంటూరులో వైద్య కళాశాల వచ్చింది. తరువాత 1954 నుండి 1960 లోపల హైదరాబాదులో గాంధీ, కర్నూలు, కాకినాడలో రంగరాయ, వరంగల్లులో కాకతీయ, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర కళాశాలలు ఒకదాని వెంట ఒకటి వెలిసినవి. 1980లో విజయవాడలో దాతల సహకారంతో ఏర్పడిన సిద్ధార్థ అకాడమీవారు సిద్ధార్థ వైద్య కళాశాలను స్థాపించారు.

ఈ కళాశాలలన్నీ ఒకే రాష్ట్రంలో ఉన్నా, ఒకే గొడుగు కింద లేవు. విశాఖ, కాకినాడ కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందను, గుంటూరు, విజయవాడ నాగార్జున విశ్వవిద్యాలయం కిందను, హైదరాబాదువి ఉస్మానియా కిందను, వరంగల్లుది కాకతీయ కిందను, తిరుపతి, కర్నూలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కిందను ఉండేవి. ఆ విశ్వవిద్యాలయాలలో సాహిత్యం, చరిత్ర, భౌతికశాస్త్రం, వాణిజ్యం వంటి శాఖల నడుమ వైద్యం ఒక శాఖ మాత్రమే. సంఖ్యలో చిన్నది, ఖర్చులో పెద్దది, పరీక్షా విధానంలో పూర్తిగా వేరైనది. రోగి మంచం పక్కన జరిగే పరీక్షకు, మూడు గంటలు కూర్చొని రాసే పరీక్షకు ఒకే కార్యాలయం ఒకే పద్ధతిలో ఏర్పాట్లు చేయడం కష్టం. ఒక చోట పరీక్షలు సకాలంలో ముగిస్తే, మరొక చోట నెలల తరబడి ఆలస్యమయ్యేవి. పరీక్ష ఆలస్యమైతే హౌస్ సర్జన్సీ ఆలస్యం. దానితో పి.జి. ప్రవేశం ఆలస్యం, ఉద్యోగం ఆలస్యం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఖాళీ కుర్చీ మరికొన్ని నెలలు ఖాళీగానే ఉండేది.

ఇది మన రాష్ట్రానికి మాత్రమే పరిమితమైన ఇబ్బంది కాదు. 1983లో కేంద్ర ప్రభుత్వం నియమించిన వైద్యవిద్యా సమీక్షా సంఘం, అనగా మెహతా కమిటీ, దేశంలో వైద్యశాస్త్రాలకు ప్రత్యేక విశ్వవిద్యాలయాలు లేకపోవడాన్ని ఒక లోపంగా ఎత్తిచూపింది. ఆ తరువాత 1987లో వచ్చిన బజాజ్ కమిటీ నివేదిక రాష్ట్రాలలో ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయాలు స్థాపించాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు వెలువడే నాటికే ఆంధ్రప్రదేశ్ ఆ పని చేసి చూపింది.

1986: ఒక గొడుగు

1983 జనవరిలో నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడే వృత్తివిద్యా కళాశాలలలో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1986లో ఇంజనీరింగు, వైద్యం, వ్యవసాయం చదువులకు ఎంసెట్ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష మొదలైంది. అదే సంవత్సరం 6వ నంబరు చట్టం ద్వారా ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1986 ఏప్రిల్ 9న ముఖ్యమంత్రి దానిని ప్రారంభించారు. నవంబరు 1 నుండి, అంటే రాష్ట్రావతరణ దినం నుండి, అది పనిచేయసాగింది. విజయవాడలోని సిద్ధార్థ వైద్య కళాశాలను కూడా ప్రభుత్వం 1986లోనే స్వాధీనం చేసుకొన్నది. విశ్వవిద్యాలయం ఆ కళాశాల పక్కనే వెలసింది.

ఈ మూడింటినీ విడివిడిగా కాక, ఒకే తీగెలోని మూడు ముడులుగా చూడవలసి ఉంటుంది. చేరడానికి ఒకే పరీక్ష, డబ్బుతో సీటు కొనరాదనే నియమం, బయటకు రావడానికి ఒకే కొలత. లోపలికి వెళ్లే ద్వారాన్ని, వెలుపలికి వచ్చే ద్వారాన్ని రెంటినీ కాపలా కాయాలన్నదే ఉద్దేశం.

రాజధాని హైదరాబాదును కాదని విజయవాడను ఎన్నుకొనడం ఆనాడు కొందరికి వింతగా తోచింది. కాని శ్రీకాకుళం నుండి వచ్చే విద్యార్థికి, అనంతపురం నుండి వచ్చే విద్యార్థికి, ఆదిలాబాదు నుండి వచ్చే విద్యార్థికి రైలు దిగడానికి అనువైన కూడలి ఇదే గదా.

దేశంలో ఒక రాష్ట్రంలోని ఆరోగ్యవిద్య మొత్తాన్ని ఒకే గొడుగు కిందికి తెచ్చిన విశ్వవిద్యాలయాలలో మొదటిది ఇదే. తరువాత తమిళనాడులో ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయం, 1996లో కర్ణాటకలో రాజీవ్ గాంధీ ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం, 1998లో మహారాష్ట్రలోని నాసిక్‌లో మరొకటి వచ్చినవి. విజయవాడలో వేసిన బాటలోనే తక్కిన రాష్ట్రాలు నడిచినవని మనం సగర్వంగా చెప్పుకోవచ్చును.

అది చేసే పని ఏమిటి?

చాలమంది పాఠకులు విశ్వవిద్యాలయం అనగానే తరగతి గదులను, విద్యార్థులను ఊహించుకొంటారు. ఇక్కడ ఆ దృశ్యం తక్కువ. బోధన అంతా అనుబంధ కళాశాలలలో, వాటి ఆసుపత్రులలో జరుగుతుంది. కళాశాలకు అనుబంధం ఇవ్వడం, పాఠ్యక్రమం అమలు చేయడం, సీట్ల కేటాయింపు జరపడం, పరీక్షలు పెట్టడం, పట్టాలు ఇవ్వడం విశ్వవిద్యాలయం పని.

దీని పరిధి అల్లోపతి వైద్యంతో ఆగదు. దంతవైద్యం, నర్సింగు, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, ఆయుర్వేదం, హోమియో, యునాని, ప్రకృతివైద్యం చదువులన్నీ దీని కిందికే వస్తాయి. విజయవాడలోని నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, 1945లో మొదలైన గుడివాడలోని గురురాజు ప్రభుత్వ హోమియో కళాశాల, బందరు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాల, ఊరూరా ఉన్న నర్సింగు కళాశాలలు ఒకే కుటుంబానికి చెందినవి. మీ తండ్రిగారికి ఇంజెక్షను చేసిన నర్సు, మీ పాపకు పన్ను తీసిన దంతవైద్యురాలు, మీ రక్తపరీక్ష చేసిన టెక్నీషియను వీరందరి సామర్థ్యానికీ పూచీ పడవలసినది ఈ సంస్థయే.

సీట్ల కేటాయింపులో ఒక సున్నితమైన అంశం ఉన్నది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల ప్రాంతాలుగా విభజించి, సీట్లలో 85 శాతం స్థానిక విద్యార్థులకు కేటాయించేవారు. పరీక్ష రాష్ట్రమంతటికీ ఒకటే అయినా, అవకాశం ప్రాంతాలవారీగా దక్కాలి. ఈ రెండింటినీ కలిపి నడపడం మాటలు కాదు. ర్యాంకు, ప్రాంతం, సామాజిక వర్గం, క్రీడలు, మాజీ సైనికుల పిల్లలు – ఇన్ని లెక్కలలో ఏ ఒక్కటి తప్పినా ఒక కుటుంబం ఆశ తలకిందులౌతుంది. కౌన్సెలింగు రోజులలో సర్టిఫికెట్ల సంచి ఒడిలో పెట్టుకొని ఆ ప్రాంగణంలో చెట్ల కింద కూర్చొన్న తల్లిదండ్రులను మా తరం వారు ఎందరినో చూశాము. ఇప్పుడు ఆ పని ఇంటర్నెట్ ద్వారా జరుగుతున్నది. చెట్ల నీడ మారినా, గుండెలలో దడ మారలేదు.

మంచం పక్కన పరీక్ష

ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరాలు, ఆపైన ఒక సంవత్సరం హౌస్ సర్జన్సీ. ఇందులో రాతపరీక్ష ఒక ఎత్తు, ప్రాక్టికల్ పరీక్ష మరొక ఎత్తు. ప్రాక్టికల్‌లో విద్యార్థికి నిజమైన రోగిని అప్పగిస్తారు. రోగితో మాట్లాడి, చేతితో పరీక్షించి, జబ్బు ఏమిటో చెప్పి, ఎందుకు అనుకొన్నాడో సమర్థించుకోవాలి. ఆ బల్ల ముందు సొంత కళాశాల ఆచార్యులతో పాటు వెలుపలి కళాశాలల నుండి వచ్చిన పరీక్షకులు కూడా కూర్చొంటారు. సుబ్బారావుగారి నాటి గుణపాఠం ఈ ఏర్పాటులో ఇమిడి ఉన్నది.

ప్రభుత్వ సేవలో ఉండగా నేనూ కొన్నిసార్లు బాహ్య పరీక్షకుడిగా వెళ్లాను. ఒక చోట, ఊరి పేరు అప్రస్తుతం, ఆఖరి సంవత్సరం విద్యార్థికి ఆయాసంతో, కాళ్ల వాపుతో ఉన్న ఒక వ్యవసాయ కూలీ స్త్రీని ఇచ్చారు. ఆ అబ్బాయి గుండె జబ్బుల గురించి పాఠ్యగ్రంథం అప్పజెప్పినట్లు చక్కగా చెప్పాడు. "కనురెప్ప కిందికి లాగి చూశావా?" అని అడిగాను. చూడలేదు. చూస్తే అక్కడ తెల్లగా పాలిపోయి ఉన్నది. ఆమెకు ఉన్నది తీవ్రమైన రక్తహీనత. గుండె అలసిపోయింది అందువల్లనే. సొంత కళాశాల ఆచార్యులొకరు నెమ్మదిగా, "మంచి కుర్రాడండీ, ఏడాదంతా వార్డుకు వచ్చాడు" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. అయినా నలుగురం చర్చించుకొని ఆ అబ్బాయిని ఆరు నెలల తరువాత మళ్లీ రమ్మన్నాము. మేము లేచేటప్పుడు ఆ రోగి నన్ను పిలిచి, "బాబుకు మార్కులు బాగా వచ్చాయా డాక్టరుగారూ?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ అబ్బాయి వచ్చే ఏడాది ఏ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చొన్నా, అతని ముందుకు వచ్చేవారిలో అటువంటి తల్లులే ఎక్కువమంది ఉంటారు. మేము ఆ బల్ల దగ్గర కూర్చొన్నది వారి తరఫున.

నమ్మకానికి ఎదురైన పరీక్షలు

పరీక్షలు పెట్టే సంస్థకూ పరీక్షలు తప్పవు. మూడు సందర్భాలు చెబుతాను.

మొదటిది 1992 నాటిది. ప్రభుత్వం ఒక్కసారిగా అనేక ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టివేసింది. ఆ వివాదంలోనే అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు పదవి వదులుకొన్నారు. వైద్య కళాశాలల విషయమై ఒక ముఖ్యమంత్రి రాజీనామా చేయడం చిన్న సంగతి కాదు. మరుసటి ఏడాది, 1993లో, సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసు తీర్పులో క్యాపిటేషన్ ఫీజు చట్టవిరుద్ధమని ప్రకటించింది. ఆ కేసు కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంపై వేసినదే.

రెండవది 2014 నాటిది. పి.జి. వైద్య ప్రవేశపరీక్షలో ప్రశ్నపత్రం ముందుగానే కొందరికి చేరినదన్న విషయం బయటపడింది. దర్యాప్తు జరిగింది, పరీక్ష రద్దయింది, వేలమంది యువ వైద్యులు మళ్లీ రాయవలసి వచ్చింది. రాత్రింబవళ్లు డ్యూటీ చేస్తూ చదువుకొన్న పిల్లలకు అది ఎంత మనోవ్యథ కలిగించిందో వైద్య కుటుంబాలకు తెలుసు. కాని రద్దు చేయక తప్పదు. కొన్న ర్యాంకుతో శస్త్రవైద్యుడైనవాని బల్ల మీద పడుకోవడానికి మనలో ఎవరు సిద్ధపడతాము?

మూడవది జవాబుపత్రాలు దిద్దే పద్ధతికి సంబంధించినది. కాగితాలను స్కాన్ చేసి కంప్యూటరు తెర మీద దిద్దే డిజిటల్ మూల్యాంకనం వచ్చిన తరువాత, అందులో పొరపాట్లు జరిగినవని కొందరు విద్యార్థులు న్యాయస్థానాలకు వెళ్లారు. నిబంధనలలో పునర్మూల్యాంకనానికి అవకాశం లేనప్పుడు కోర్టులు దానిని ఆదేశించరాదని 2022లో సుప్రీంకోర్టు ఈ విశ్వవిద్యాలయం కేసులోనే తీర్పు చెప్పింది. తీర్పు శిరోధార్యం. అయితే పై అప్పీలు లేని చోట మొదటి దిద్దుబాటు మరింత జాగ్రత్తగా ఉండాలన్న బాధ్యత ఆ తీర్పుతో పెరిగిందే గాని తగ్గలేదని నా అభిప్రాయం.

విభజన, నీట్, పేర్లు

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. వరంగల్లులో కాళోజీ నారాయణరావు ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం ఏర్పడి, తెలంగాణ కళాశాలలు క్రమంగా దాని కిందికి వెళ్లినవి. ఒకే గొడుగు రెండైనది. 2017 నుండి ఎం.బి.బి.ఎస్. ప్రవేశాలకు ఎంసెట్ స్థానంలో జాతీయస్థాయి నీట్ ర్యాంకులు వచ్చినవి. పి.జి. ప్రవేశపరీక్ష కూడా జాతీయస్థాయికి వెళ్లిపోయింది. 2020లో భారత వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చి, పాఠ్యక్రమంలోనూ ప్రమాణాలలోనూ ఢిల్లీ మాట మరింత బలపడింది. లోపలికి వెళ్లే ద్వారం కాపలా ఢిల్లీకి పోయింది. సీట్లు పంచే పని, వెలుపలికి వచ్చే ద్వారం కాపలా మాత్రం ఇక్కడే మిగిలినవి.

ఇక పేరు సంగతి. 1996లో రామారావుగారు మరణించిన తరువాత, 1998లో విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. 2022లో శాసనసభ దానిని మార్చి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి పేరు పెట్టింది. 2024లో తిరిగి ఎన్.టి.ఆర్. పేరు వచ్చింది. ఒకరు సంస్థను స్థాపించినవారు. మరొకరు స్వయంగా వైద్య పట్టభద్రులు, ఆరోగ్యశ్రీ పథకం తెచ్చినవారు. ఇద్దరినీ గౌరవించే కుటుంబాలు మన రాష్ట్రంలో కోకొల్లలు. ఆ చర్చలోకి నేను దిగను. పేరు గురించి అన్ని రోజులు జరిగిన చర్చలో, పరీక్షల నాణ్యత గురించి, కళాశాలలలో అధ్యాపకుల కొరత గురించి ఒక్క రోజైనా అంత వేడిగా చర్చ జరిగిందా అని మాత్రం అడుగుతాను.

ఇంకా మిగిలిన పని

గొప్పలు చెప్పిన నోటితోనే కొరతలు కూడా చెప్పాలి. విశ్వవిద్యాలయం అన్న మాటలో పరిశోధన ఇమిడి ఉన్నది. అనుబంధ కళాశాలల సంఖ్య పెరిగేకొద్దీ పరీక్షల నిర్వహణ మిగతా పనులన్నింటినీ మింగివేసింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చుతున్నది. మన ప్రాంతంలోనే ఎ.కొండూరు మండలం తండాలలో అదే వ్యథ. కారణం ఇదీ అని ఈనాటికీ ఎవరూ గట్టిగా తేల్చి చెప్పలేదు. రాష్ట్రంలోని వైద్య, నర్సింగు, ల్యాబ్ విద్యార్థులందరూ ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు, ఇటువంటి సమస్యను ఊరూరా ఏళ్ల తరబడి వెంటాడి పరిశోధించడానికి ఇంతకంటె తగిన సంస్థ ఏది?

మరొకటి విస్తరణ. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ఐదు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఒక్కసారిగా ప్రారంభమైనవి. ప్రైవేటు కళాశాలలు అంతకుముందే అనేకం ఉన్నవి. సీట్లు పెరగడం మంచిదే. కాని వైద్యం నేర్పడానికి భవనం కంటె ముందు రోగులు, అధ్యాపకులు కావాలి. తనిఖీ రోజున మాత్రమే కనిపించే అధ్యాపకులు, ఆ రోజున మాత్రమే నిండే మంచాలు మన దేశంలో కొత్త సంగతులు కావు. అటువంటి చోట చదివిన విద్యార్థి చివరకు నిలబడేది ఆ మంచం పక్కన పరీక్షలోనే. ఆ ఒక్క చోట ముఖమాటం పనికిరాదు.

మీరు తెలుసుకోవలసినది

చివరగా ఆరోగ్య సంబంధమైన ఒక ముఖ్య విషయం. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. వైద్యం చేయడానికి అనుమతిస్తూ పేరు నమోదు చేసేది రాష్ట్ర వైద్య మండలి. ఆ చదువుకు గుర్తింపు ఇచ్చేది జాతీయ వైద్య కమిషన్. ఈ మూడూ వేరు. కాబట్టి గోడ మీది పట్టాతో పాటు రిజిస్ట్రేషన్ నంబరు కూడా చూడండి. వైద్యులు చీటీ మీద ఆ నంబరు రాయవలసి ఉన్నది. అనుమానం కలిగితే వైద్య మండలి జాబితాలో, జాతీయ వైద్య కమిషన్ వారి వెబ్‌సైటులో పేరు వెతికి చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేయడం 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం నేరం. ఒక సంవత్సరం వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

నంబరు అడగడం వైద్యుని అవమానించడం కాదు. నిజంగా చదివినవాడు సంతోషంగా చూపుతాడు. కష్టపడి తెచ్చుకొన్నది చూపడానికి ఎవరు సిగ్గుపడతారు?

మీ ఇంటిలో ఎవరైనా వైద్యవిద్య చదువుతూ ఉంటే వారికి కూడా ఒక మాట చెప్పండి. పరీక్షాధికారి వెలుపలివాడని భయపడవలసిన పని లేదు. అతడు అక్కడికి వచ్చినది ఆ మంచం మీద పడుకొన్న రోగి కోసం. రేపు వారూ ఆ రోగి పక్కనే నిలబడవలసినవారు. కనురెప్ప కిందికి లాగి చూడడం ఇప్పటినుండే అలవాటు చేసుకొమ్మనండి.